పెట్రోల్‌లో కడిగిన అదృష్టం

చేతి వాచీకి ఎన్నేళ్లకోసారి సర్వీసింగ్ చేయించాలి అని ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అడిగినవాళ్ల మీద కాదు. పాపం, వాళ్లు తెలుసుకుందామని అడుగుతారు. జవాబు చెప్పినా విననివాళ్ల మధ్య నేను నాలుగేళ్లు ఉద్యోగం చేశాను. ఆ మంట అది.

జవాబు ఎంతసేపని! రోజూ కీ ఇచ్చే వాచీ అయితే నాలుగైదేళ్లకోసారి. దుమ్ములో తిరిగే మనిషిదైతే మూడేళ్లకే. జూబ్లీ హిల్స్‌లో ఆ రోజుల్లో ఎటు చూసినా బండలు పేల్చి ఇళ్లు కట్టేవాళ్లు. సాయంత్రానికి మా ఆఫీసు బల్లల మీద వేలితో పేరు రాసుకునేంత రాతిపొడి పేరుకునేది. అలాంటి చోట తిరిగే వాచీకి మూడేళ్లు దాటనివ్వకూడదు. అంతే. ఇందులో వేదాంతమేమీ లేదు.

ఈ సంగతి నాకెలా తెలుసంటే, మా నాయిన వాచీలు బాగుచేసేవాడు. వెంగళరావు నగర్‌లో ఒక్క షట్టర్ దుకాణం. ముందు అద్దాల బల్ల, దాని వెనక ఆయన, ఆయన కంటికి నల్లటి భూతద్దం. వచ్చిన ప్రతివాడికీ ఓపిగ్గా అదే మాట చెప్పేవాడు.

“లోపల నూనె ఎండిపోతది సార్. ఎండినంక బంక అయితది. బంకకు దుమ్ము అంటుకుంటది. గా దుమ్మే ఇరుసులను అరగదీస్తది. కుట్టుమిషన్‌కు నూనె పొయ్యరా? గిది గూడ మిషనే గద.”

“నడుస్తోంది కదండీ?” అనేవాళ్లు వచ్చినవాళ్లు.

నడుస్తోంది కదా! ఈ ముక్క వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. నాయినకు మాత్రం కోపం వచ్చేది కాదు. “నడుస్తది సార్. అరుగుకుంట నడుస్తది. ఆగినంక తెస్తే ఉత్త నూనెతోని గాదు, సామాను మార్చాలె,” అనేవాడు. సగంమంది వినేవాళ్లు. మిగతా సగం వాచీ చేతికి పెట్టుకుని వెళ్లిపోయేవాళ్లు. ఆగిపోయాక వాళ్లే మళ్లీ మొహం వేలాడేసుకుని వచ్చేవాళ్లు.

వాచీ విప్పితే ప్రతి ముక్కా పెట్రోల్‌లో కడిగి, ఆరబెట్టి, సూదిమొన మీద నూనె చుక్క తీసుకుని ఎక్కడ పెట్టాలో అక్కడే పెట్టేవాడు. అంతా అయ్యాక వెనక మూత లోపలి వైపు సూదితో తేదీ, పక్కన తన పేరులో మొదటి అక్షరం గీసేవాడు. “రేపు ఇంకొకడు ఇప్పితె, మునుపు ఎప్పుడు సాఫ్ చేసిన్రో వానికి ఎరుక గావాలె గద,” అనేవాడు. ఆ పని చేసేవాళ్లందరికీ ఉన్న అలవాటే అది. పైకి ఎవరికీ కనిపించదు.

సినిమావాళ్ల వాచీలు ఆయన దగ్గరికి వస్తాయని నాయినకు మహా గర్వంగా ఉండేది. కెమెరా అసిస్టెంట్లు, మేకప్‌వాళ్లు, ప్రొడక్షన్ మేనేజర్లు వచ్చేవాళ్లు. ఎవరైనా చుట్టాలొస్తే ఫలానా సినిమాలో కనిపించే వాచీ నా చేతుల మీదుగా పోయిందే అని చెప్పుకుని మురిసిపోయేవాడు. నాకు ఫిల్మ్ నగర్‌లో ఒక నిర్మాత ఆఫీసులో ఉద్యోగం దొరికినప్పుడైతే మా వాడంతా మిఠాయి పంచాడు.

నా పని డైలాగులు శుద్ధప్రతి రాయడం. రచయితగారు గీకి పారేసిన కాగితాలను గుండ్రటి అక్షరాల్లో మూడు కాపీలు తీయాలి. నాయకుడూ నాయికా గుంటూరు, కృష్ణా జిల్లాల భాష మాట్లాడేవాళ్లు. విలన్ వెనకాల నిలబడి తన్నులు తినే రౌడీలు మాత్రం మా నాయిన భాష మాట్లాడేవాళ్లు. రాస్తుంటే చెయ్యి ఆగేది. ఆగితే జీతం రాదు కాబట్టి రాసేదాన్ని. ఆఫీసులో నేనూ “వచ్చాడు, వెళ్లాడు, ఏంటండీ” అనడం నేర్చేసుకున్నాను. నేను ఈ ఊళ్లోనే, ఎర్రగడ్డలో పుట్టి పెరిగానంటే అక్కడ ఎవరూ నమ్మేవాళ్లు కాదు. అదో గొప్పగా చెప్పుకునేదాన్ని, సిగ్గులేకపోతే సరి!

మా నిర్మాతగారు కోస్తావైపు మనిషి, మద్రాసు నుంచి మకాం మార్చి వచ్చారు. చెడ్డవారు కాదు. వేళకు జీతం ఇచ్చేవారు, ఆడపిల్లల్ని “అమ్మాయ్” అని తప్ప పిలిచేవారు కాదు. కానీ సినిమా వాళ్లకు సెంటిమెంట్ అనే జబ్బు ఒకటి ఉంటుంది. ఆయనకది ముదిరిపోయింది. పదకొండేళ్ల కిందట ఆయన మొదటి సినిమా వంద రోజులాడింది. ఆ వారంలో ఏది ఎలా ఉందో అది అలాగే ఉండాలి. అదే కారు, అదే కుర్చీ. కుర్చీ బెత్తం ఊడిపోయి కిందకు వేలాడుతుంటే పైన దిండు వేసుకు కూర్చునేవారు గానీ అల్లించనిచ్చేవారు కాదు. వంద రోజుల పండక్కి కొనుక్కున్న కీ వాచీ కూడా ఆయన చేతికి అలాగే ఉండేది. ఆ పదకొండేళ్లలో దాని మూత ఒక్కసారీ తీయలేదు.

“లోపల ఉన్నదంతా ఆ హిట్టు నాటి గాలే అమ్మాయ్. మూత తీస్తే పోతుంది,” అనేవారు. నవ్వులాటకు కాదండీ, నిజంగానే అనేవారు.

పదకొండేళ్ల నూనె లోపల బెల్లంపాకంలా గట్టిపడిపోయి ఉంటుందని నాకు తెలుసు. రాత్రిళ్లు ఇంట్లోవాళ్లు ఆయనకు తెలీకుండా వాచీని సరిచేసి పెట్టినా, పొద్దున్న ఆఫీసుకొచ్చేసరికి ఎనిమిది తొమ్మిది నిమిషాలు వెనకబడేది. అది వెనకబడిందని ఆయనతో అనే ధైర్యం ఎవరికుంది? అందుకని మేనేజర్‌గారు ఒక ఉపాయం చేశారు. ఆయన అరవై దాటిన మనిషి, ఎప్పుడూ చేతిలో తాళాలగుత్తి. రోజూ పొద్దున్నే స్టూలెక్కి ఆఫీసు గోడ గడియారాన్ని నిర్మాతగారి వాచీకి సరిపోయేలా తిప్పేవారు. ఊరికంతా ఒక టైము, మా ఆఫీసుకో టైము. మా టైము ప్రకారం ఆరింటికి బయటపడితే జూబ్లీ హిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర నా బస్సు ఎప్పుడో వెళ్లిపోయి ఉండేది.

“ఎందుకండీ ఈ అవస్థ? ఒక్కసారి సర్వీసింగ్ చేయిస్తే పోలా?” అన్నాను ఒకరోజు.

మేనేజర్‌గారు స్టూలు మీంచే నోటి మీద వేలేసుకున్నారు. “నెమ్మది తల్లీ! ఆ మాట ఆయన చెవిన పడిందంటే నీకూ నాకూ రేపట్నుంచి సెలవే.”

తర్వాత కొత్త సినిమా ముహూర్తం వచ్చింది. దేవుడి పటాల మీద క్లాప్ కొట్టి, కెమెరా స్విచాన్ చేసే మొదటి షాట్ అది. పది గంటల పన్నెండు నిమిషాలకు ముహూర్తం. దానికి వాకిట్లో షామియానా, పూలదండలు, అరటిపిలకలు. నిర్మాతగారు తన వాచీ చూసుకుంటూ చెయ్యి పైకెత్తి నిలబడ్డారు. పంతులుగారు తన వాచీ చూసుకుని గాభరా పడిపోతున్నారు. “బాబూ, దాటిపోతోంది, దాటిపోతోంది” అని ఆయనంటే, “ఉండండి పంతులుగారూ, ఇంకా తొమ్మిది నిమిషాలుంది” అని ఈయన. చివరికి పన్నెండు నిమిషాలప్పుడు పడాల్సిన క్లాప్ ఇరవై ఒకటికి పడింది. పంతులుగారు మొహం మాడ్చుకుని తాంబూలం కూడా తీసుకోకుండా వెళ్లిపోయారు.

మర్నాడు, ముహూర్తం తప్పిందన్న బెంగతో నిర్మాతగారు నన్ను పిలిచారు. నాయిన సంగతి మేనేజర్‌గారు చెప్పారట.

“మీ నాన్నగారు వాచీలు చేస్తారటగా? ఇది కాస్త సరిచేయించి తీసుకురా అమ్మాయ్. కానీ ఒక్క మాట, మూత తీయకూడదు. పైపైనే చేయమను.”

మూత తీయకుండా వాచీ సర్వీసింగ్! నోరు తెరవకుండా పన్ను పీకమన్నట్టు. మూత తీయకుండా కుదరదండీ అని అక్కడే చెప్పాల్సింది. చెబితే ఆయన వాచీ మళ్లీ చేతికి పెట్టేసుకుంటారు, మేనేజర్‌గారు మళ్లీ స్టూలెక్కుతారు. పైగా పదకొండేళ్లుగా అరుగుతున్న ఆ వాచీని చూస్తే నాకు నిజంగా జాలేసింది. “అలాగే సార్,” అన్నాను.

దుకాణంలో నాయిన దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. మొహం అదోలా అయింది.

“ఎన్నేండ్లయింది ఇప్పక?”

“పదకొండు.”

“పదకొండేండ్లా! మనుషులా, ఏంది వీళ్లు? పానం ఉన్నదయితె ఏడుస్తుండె ఇది.” ఆ తర్వాత నా మొహంలోకి చూశాడు. “మీ సారుకు సెంటిమెంటు ఎక్కువ అంటివి గద. ఇప్పుతమని చెప్పినవా? ఒప్పుకున్నడా?”

“ఒప్పుకున్నడు నాయినా.”

అంత తేలిగ్గా అన్నాను. మంచి పనే కదా చేస్తున్నాం, ఆ మనిషికేగా లాభం అనుకున్నాను. నాయిన రెండు రోజులు కూర్చున్నాడు దాని ముందు. పెట్రోల్ గిన్నె నల్లబడిపోయింది. మూడో రోజు వాచీ ఇస్తూ, “ఇగ నాలుగేండ్లు ఫికర్ లేదని చెప్పు మీ సారుకు,” అన్నాడు. ఆయన మొహం చూస్తే ఎవరి ప్రాణమో కాపాడిన డాక్టరులా ఉంది.

ఆఫీసులో నిర్మాతగారు మొదట అడిగిన మాట, “మూత తీయలేదు కదా?”

“లేదు సార్. పైపైనే సరిచేశారు.”

రెండో అబద్ధం మొదటిదానికంటే తేలిగ్గా వచ్చింది. ఇక వాచీ చూడండి, అరనిమిషం తేడా లేకుండా నడిచేది. మేనేజర్‌గారు స్టూలు తీసుకెళ్లి స్టోరు రూములో పడేశారు. నాకు బస్సు దొరికేది. నిర్మాతగారు వచ్చినవాళ్లందరికీ చెయ్యి చాపి చూపించేవారు. “చూశారా, పదకొండేళ్లు! మూత తీయలేదు, అదే సర్దుకుంది. దాని శక్తి అలాంటిది.” నా పక్కన నిలబడి ఈ మాటలంటుంటే పళ్లు కొరుక్కునేదాన్ని. మా నాయిన రెండు రోజులు నడుం పడిపోయేలా కూర్చుంటే, శక్తట!

ఆ సినిమా రెండు వారాలకే థియేటర్ల నుంచి వెళ్లిపోయింది. వెళ్లిపోక ఏమవుతుంది? కథంటూ ఉంటేగా! శుద్ధప్రతి రాసినదాన్ని, నాకు తెలీదా? రెండో సగంలో నాయకుడి చెల్లెలు ఎక్కడికి పోయిందో రచయితకే గుర్తులేదు. అది ఎవరికీ పట్టలేదు. ఆఫీసంతా కూర్చుని ఏం మారింది, ఏం మారింది అని ఆరాలు తీశారు. గేటు రంగు మార్చామా? లేదు. కారు అదే. కుర్చీ అదే. అప్పుడు ఎవరో జాతకాలు చెప్పే పెద్దమనిషి నిర్మాతగారి చేతి వైపు చూసి అడిగాడట, “ఇది మునుపు వెనక నడిచేది కదండీ, ఇప్పుడు సరిగ్గా ఎలా నడుస్తోంది?” అని.

సరిగ్గా నడవడమే నేరమైపోయింది! వాచీని ఆబిడ్స్‌లో పెద్ద షాపుకు పంపి మూత తీయించారు. లోపల తేదీ, అక్షరం, మా నాయిన చేత్తో గీసినవి, తళతళలాడుతూ ఉన్నాయి.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పటికి నాకు తెలిసిందల్లా, ఒక ఆదివారం పొద్దున్న నేను దుకాణంలో నాయినకు టీ పోస్తుంటే ఆ పాత కారు వచ్చి ఆగడం. నిర్మాతగారు దిగారు, వెనకే మేనేజర్‌గారు.

నిర్మాతగారు వాచీ తెచ్చి అద్దాల బల్ల మీద పెట్టారు, మూత వేరే, వాచీ వేరే.

“ఇది నీ గుర్తేనా?”

“నాదే సార్,” అన్నాడు నాయిన లేచి నిలబడి. ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. “మంచిగ నడుస్తున్నదా?”

“మూత తీయొద్దని చెప్పి పంపాను. తీయలేదని మీ అమ్మాయి నా ముందు నిలబడి చెప్పింది. ఏమయ్యా, ఎవరినడిగి తీశావు?”

నాయిన నా వైపు చూశాడు. ఒక్క క్షణమే. నా చేతిలో టీ గ్లాసు ఉంది. నేను నోరు తెరిస్తే అయిపోయేది. “ఆయనకు చెప్పలేదు సార్, తప్పు నాది” అంటే చాలు, నాలుగు మాటలు. ఉద్యోగం పోయేది, పోతే పోయేది.

నాయిన చూపు తిప్పుకున్నాడు. “నేనే ఇప్పిన సార్. ఇప్పకుంటె గాదు. బిడ్డకేం ఎరుకలేదు.”

“పదకొండేళ్ల అదృష్టాన్ని పెట్రోల్‌లో కడిగిపారేశావు కదయ్యా!”

ఆయన అరిచిన అరుపుకు పక్క కిరాణా దుకాణం వాళ్లు, ఎదురు ఇస్త్రీ బండి మనిషి వచ్చి నిలబడ్డారు. అందరూ నాయినను ఇరవై ఏళ్లుగా ఎరిగినవాళ్లే. వాళ్ల ముందు నిర్మాతగారు నమ్మకద్రోహం అన్నారు, దొంగపని అన్నారు. “ఇప్పిన, ఇప్పిన” అని మా నాయిన మాటనే ఎకసెక్కంగా రెండుసార్లు సాగదీశారు, అచ్చం మా సినిమాల్లో అనేవాళ్లలాగా. మేనేజర్‌గారు ఒక్కసారి కూడా తలెత్తలేదు. రోజూ స్టూలెక్కిన మనిషికి ఆ వాచీ సంగతి తెలీదా? నిర్మాతగారు మూత, వాచీ జేబులో వేసుకుని, నాతో మాత్రం మెత్తగా, “నీ తప్పేం లేదులే అమ్మాయ్, రేపు ఆఫీసుకు రా,” అని వెళ్లిపోయారు.

నేను వెళ్లాను. ఇంత జరిగాక కూడా సోమవారం పొద్దున్నే జడ వేసుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్లాను. ఇంటి దగ్గర నాయిన నన్నేమీ అనలేదు. ఎందుకు అబద్ధమాడావని అడుగుతాడేమోనని రోజూ రాత్రి అన్నం దగ్గర చూసేదాన్ని. అడగలేదు.

నెల తిరక్కుండానే ఫిల్మ్ నగర్ అంతా పాకిపోయింది. వెంగళరావు నగర్ వాచీలాయనది ఫ్లాప్ చెయ్యి! ఫ్లాప్ చెయ్యట! ఇరవై ఏళ్లలో ఒక్క వాచీని పాడుచేసి ఎరగని చెయ్యి. సగం పని అయిన వాచీలు కూడా వెనక్కి తీసుకుపోయారు. ఒక మేకప్‌మ్యాన్ అయితే విప్పిన ముక్కల్ని అలాగే కాగితంలో పొట్లం కట్టించుకుని పోయాడు. “జర ఆగు తమ్మీ, గంటలో బిగిస్త,” అని నాయిన బతిమాలాడు. వాడు ఆగలేదు. నాయిన చెయ్యి బల్ల మీద ఖాళీగా పెట్టుకుని అలా చూస్తూ ఉండిపోయాడు.

ఇంకా వినండి. తర్వాతి ఏడు నిర్మాతగారి సినిమా వంద రోజులాడింది. ఆయన చేతికి అదే వాచీ. ఆబిడ్స్ షాపువాళ్లు మూత తీసి చూశారు తప్ప లోపల చెయ్యి పెట్టలేదు. నడుస్తున్నది మా నాయిన పెట్టిన నూనెతోనే. మరి ఆ హిట్టు ఎవరిదయ్యా? పంతులుగారి ముహూర్త బలమట! పోతే మా నాయిన చెయ్యి, వస్తే పంతులుగారి ముహూర్తం! దుకాణానికి వచ్చి నీ చెయ్యి మంచిదేనయ్యా అన్న మగాడు ఒక్కడు లేడు. వాళ్లందర్నీ తిట్టుకుంటూనే ఆ వంద రోజుల పండగలో నేను షీల్డు అందుకున్నాను. నవ్వుతూ ఫోటో దిగాను కూడా.

తొంభైల్లో బ్యాటరీ వాచీలు వచ్చిపడ్డాయి. నేను అప్పటికి ఆ ఉద్యోగం మానేసి పెళ్లి చేసుకుని టోలిచౌకిలో కాపురం పెట్టాను. నాయిన దుకాణం మాత్రం తీసే ఉంచాడు. రోజుకు ఒకటి రెండు కీ వాచీలు వచ్చేవి. పెళ్లికి ఆయనే నాకు ఒక కీ వాచీ పెట్టాడు. నాలుగేళ్లు నిండగానే, ఇంకెవరు చేయించినా చేయించకపోయినా నేను చేయించాలి కదా అని, దాన్ని తీసుకుని దుకాణానికి వెళ్లాను.

నాయిన చాలా సంతోషపడ్డాడు. “నాలుగేండ్లకే తెచ్చినవ్ బిడ్డా, గట్ల ఉండాలె,” అన్నాడు. వాచీ చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. భూతద్దం కంటికి పెట్టుకున్నాడు. అప్పుడు బల్ల కింద నుంచి ఒక నోటుబుక్కు తీసి, పేజీ తిప్పి, పెన్ను దాని మీద పెట్టి నా ముందుకు జరిపాడు.

పేజీల నిండా సంతకాలు. ఒక్కో సంతకం పైన ఆయన వంకర అక్షరాలతో ఒకటే వాక్యం: నా వాచీ ఇప్పుటకు ఒప్పుకుంటున్న.

“గిదేంది నాయినా? నాకు గూడనా?”

ఆయన గొంతులో కోపం లేదు. వెటకారం అసలే లేదు. వచ్చిన ప్రతివాడితో అన్నట్టే అన్నాడు.

“అందరితోని తీసుకుంట బిడ్డా. సంతకం పెట్టు.”

పెట్టాను.